ఇరవై మీటర్ల బ్యాండేజి గుడ్డ

ఆ బుధవారం గోపాలసామి పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రంలోగా నాలుగు గుడ్డసంచులు కుట్టాలి. ఇంట్లో మిగిలిన ఒకే ఒక మంచి సంచిని ఆయన భార్య చెల్లమ్మ చంకన పెట్టుకుని, తమ్ముడి చేలో వంకాయలు కోస్తున్నారని తెల్లవారగానే చోళపురం బస్సెక్కింది. ఫోన్ ఎప్పటిలాగే బియ్యం డబ్బా మీద మరిచిపోయింది. కొడుకు రాఘవన్, కోడలు సెల్వి పగటి షిఫ్టుకు మిల్లుకు వెళ్ళారు. అక్కడ ఫోన్లు గేటు దగ్గరే తీసిపెట్టుకుంటారు.

సంచుల అవసరం తెచ్చింది మనవరాలు దర్శిని. ఏడో తరగతి. బడిలో ఒక పోటీ పెట్టారు. ముప్పై రోజుల పాటు ఒక్క ప్లాస్టిక్ కవరు కూడా ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. వస్తే లెక్క మళ్ళీ ఒకటి నుంచి. మొదటిసారి తొమ్మిదో రోజున రాఘవన్ పరోటాలోకి సాల్నా పులుసు కవర్లో కట్టించుకుని వచ్చాడు. రెండోసారి పద్నాలుగో రోజున గోపాలసామే చెల్లమ్మకు మల్లెపూలు కవర్లో తెచ్చాడు. పిల్ల తిట్టలేదు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు, అంతే. గోపాలసామి పుట్టినప్పటి నుంచీ తక్కువ మాటల మనిషి. ఎదుటివాళ్ళు మాట్లాడకపోతే ఎలా ఉంటుందో డెబ్భై ఒకటో ఏట మొదటిసారి తెలుసుకున్నాడు.

ఇది మూడోసారి. ఈ రోజు ముప్పయ్యో రోజు. రేపు రోజుల లెక్క రాసిన పుస్తకం బడిలో ఇచ్చెయ్యాలి. మళ్ళీ మొదలుపెట్టడానికి వ్యవధి లేదు.

కవర్లే కాదు, ఇంట్లో ఇంకా చాలా మారాయి. స్నానం చేసిన నీళ్ళు అరటిచెట్టుకు పోతున్నాయి. కూరగాయల తొక్కలు పగిలిన కుండలో మట్టితో కలిసి ఎరువవుతున్నాయి. పాలు చెంబులో వస్తున్నాయి. మనిషి లేని గదిలో ఫ్యాను తిరగడం లేదు. ఇవన్నీ గోపాలసామి తల్లి చేసినవే. ఆమెకు ఎవరూ పోటీ పెట్టలేదు. లేనితనం చేయించింది. అప్పుడు సిగ్గుపడి మానేసిన పనులను ఇప్పుడు పిల్ల బడి నుంచి నేర్చుకుని వచ్చి చెబుతుంటే ఆయనకు ఏదో అనాలనిపించేది. అనలేదు. రోజూ సాయంత్రం నాలుగున్నరకు పిల్ల పుస్తకం తెరిచి, "ఏం తాతా, ఈ పొద్దు?" అని అడుగుతుంది. "లేదు," అంటాడాయన. ఆమె ఒక టిక్కు పెడుతుంది. ఆ ఒక్క మాట కోసం ఆయన పొద్దుటి నుంచీ ఎదురుచూసేవాడు.

గుడ్డ కోసం ఆయన తాను ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన బ్యాండేజి యూనిట్‌కే వెళ్ళాడు. అంచు తెగిన గుడ్డ, నూలు లాగిన గుడ్డ అక్కడ ఒక మూల పడి ఉంటుంది. ఇరవై మీటర్లు మడిచి ఇచ్చారు. మూట ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో కూర్చున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వీధిలో ఎవరి కాలు విరిగినా, ఎవరి చెయ్యి కాలినా, మెడికల్ షాపు కంటే ముందు గోపాలసామి గుర్తొచ్చేవాడు. ఆయన యూనిట్ నుంచి గుడ్డ తెచ్చి ఇచ్చేవాడు. ఊరంతా నేసేది ఆ గుడ్డే అయినా, అది లారీ ఎక్కి ఊరు దాటి పోవలసిన సరుకు. దాన్ని పట్టుకుని గోపాలసామి ఇళ్ళ వైపు వస్తున్నాడంటే ఎక్కడో నెత్తురు కారుతున్నదని లెక్క.

ఆటో నడిపే కన్నుసామి అద్దంలో మూట చూశాడు.

"ఏం మామా, గుడ్డ ఎవురికి?"

"ఇంటికి."

"ఇంట్లో ఎవురికి?"

"చెల్లమ్మకు."

అది నిజమే. సంచులు లేవని వారం రోజులుగా సణుగుతున్నది చెల్లమ్మే.

"అత్తకా! ఐయో! ఎన్ని మీటర్లు మామా ఇది?"

"ఇరవై."

"ఇరవై మీటర్లా!"

గోపాలసామి మూటను నొక్కి చూశాడు. వదులు నేత. నాలుగు మడతలు వెయ్యకపోతే చిన్న ఉల్లిపాయలు నిలవవు.

"చాలదు," అన్నాడు.

వెనక కూర్చున్న ఆవిడ నాలుక చప్పరించి కళ్ళు మూసుకుంది. పన్నెండేళ్ళుగా ఎవరు బతిమాలినా సందులోకి ఆటో తిప్పని కన్నుసామి, ఆ రోజు మిగిలిన నలుగురినీ వెంటపెట్టుకుని గోపాలసామి గుమ్మం దాకా వచ్చాడు. దిగేటప్పుడు చెయ్యి పట్టుకున్నాడు.

"ధైర్యంగా ఉండల్ల మామా. ఏమన్నా కావాలంటే నేనుండాను."

నాలుగు సంచులు కుట్టడానికి ధైర్యం దేనికో గోపాలసామికి అర్థం కాలేదు. తల ఊపి లోపలికి వెళ్ళాడు.

తెల్ల సంచి రెండు రోజుల్లో మాసిపోతుంది. అందుకని పసుపు పట్టిద్దామనుకున్నాడు. పెరట్లో పొయ్యి వెలిగించి, పెద్ద గిన్నెలో పసుపు, పటిక వేసి కాచి, గుడ్డను ముక్కలుగా కత్తిరించి ముంచి, ఒక్కొక్కటే తీగ మీద ఆరవేశాడు. పక్కింటి మారియమ్మాళ్ గోడ మీది నుంచి చూసింది. ఆమె పొద్దున పూట ఇడ్లీలు అమ్ముతుంది, మిగతా పూట వీధిని చూసుకుంటుంది. తీగ పొడుగునా పసుపు మరకల బ్యాండేజి గుడ్డలు వేలాడుతున్నాయి.

"అన్నా, అక్కకేనా ఇదంతా? ఇంత పసుపు ఎందుకన్నా?"

"బాగా పట్టల్ల గదా."

"ఆస్పత్రికి పోలేదా?"

"ఎందుకు?"

మారియమ్మాళ్ చేతిలోని గరిటె కింద పడింది. భార్యకు ఇరవై మీటర్ల దెబ్బ తగిలితే పసుపు పెట్టి ఇంట్లోనే కూర్చోబెట్టిన మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు. వెంటనే చెల్లమ్మ ఫోన్‌కు కొట్టింది. ఫోన్ గోపాలసామి ఇంట్లోనే మోగింది. మోగి మోగి ఆగింది. గోపాలసామికి ఎవరి ఫోన్ ఎత్తే అలవాటూ లేదు.

"లోపలే ఉండాది. ఫోను ఎత్తే సత్తువ కూడా లేదు పావం," అని మారియమ్మాళ్ తర్వాత పదకొండు మందికి చెప్పింది.

ముందుగా వచ్చినవాడు కరుప్పసామి. గోపాలసామితో ఒకే మిషన్ మీద పనిచేసిన పాత స్నేహితుడు. చేతిలో ఆపిల్ పళ్ళు, హార్లిక్స్ సీసా. రెండూ కలిపి నల్ల ప్లాస్టిక్ కవర్లో. గోపాలసామి మనిషి కంటే ముందు కవరును చూశాడు. లేచి వెళ్ళి ద్వారబంధానికి రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"కవరు లోపలికి కూడదు."

"ఒక్క నిమిషం చూసి పోతాను రా."

"నువ్వు రా. కవరు కూడదు."

కరుప్పసామి అక్కడే ఆగిపోయాడు. కిందటేడు తన బావమరిదిని ఆస్పత్రిలో అద్దాల గదిలో పెట్టినప్పుడు నర్సు కూడా సరిగ్గా ఇలాగే చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన గబగబా రెండడుగులు వెనక్కి వేసి, కవరు అరుగు మీద పెట్టాడు.

"ఇన్ఫెక్షనా? ముందే చెప్పకూడదా? నేనూ రాను రా. నా చెప్పుల్లో ఏముండాదో ఎవురికి తెలుసు."

ఆ తర్వాత గోపాలసామి నోరు తెరవవలసిన పని లేకపోయింది. వచ్చిన ప్రతి ఒక్కరినీ కరుప్పసామే మెట్టు దగ్గర ఆపి, బయటి వస్తువు ఒక్కటి కూడా లోపలికి పోకూడదని, అది డాక్టర్ మాట అని చెప్పాడు. ఏ డాక్టరో ఆయననూ ఎవరూ అడగలేదు. మధ్యాహ్నానికి అరుగు మీద కవర్లు వరసకట్టాయి. బత్తాయిలు, బ్రెడ్డు, లేత కొబ్బరిబొండాలు, ఒక దానిలో ఇంకా వేడిగా ఉన్న రసం. రోగిని చూడడానికి ఉత్త చేతులతో వెళ్ళే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

గోపాలసామికి అప్పటికి అనుమానం వచ్చింది.

"ఎవురిని చూసేదానికి వచ్చినారు మీరంతా?"

"ఇంకెవురిని? చెల్లమ్మనే," అన్నాడు కరుప్పసామి.

గోపాలసామి ఆలోచించాడు. ఇది ఒక్క మాటతో తేలేలా లేదని తెలిసింది. గొంతు సవరించుకున్నాడు.

"చెల్లమ్మకు ఏమీ కాలేదు. బాగుండాది. వంకాయలు తెచ్చేదానికి పొద్దున్నే చోళపురంలో తమ్ముడింటికి బస్సెక్కినాది, మూడు గంటల బస్సుకు వస్తాది. ఆ గుడ్డ సంచులు కుట్టేదానికి తెచ్చినాను."

అందరూ ఆయన ముఖంలోకి చూశారు. కరుప్పసామి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ముప్పై నాలుగేళ్ళు పక్క పక్కన నిలబడి పని చేసినాము," అన్నాడు. "నా పెళ్ళికి వచ్చి కూడా వీడు 'సరి' అనే అన్నాడు. ఒక్క తూరి ఇంత పొడుగు మాట చెప్పినాడా వీడు? మనసు విరిగిపోయినాది. అదే ఇట్లా మాట్లాడిస్తా ఉండాది."

"వంకాయలంట!" మారియమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సరి అన్నా, సరి. అక్క చోళపురంలోనే ఉండాది. మూడు గంటలకు వచ్చేస్తాది. నువ్వు ఇట్లా కూర్చో, నీళ్ళు తాగు."

"లోపలికి వచ్చి చూడండి," అన్నాడు గోపాలసామి.

"వద్దురా," కరుప్పసామి తల అడ్డంగా ఊపాడు. "మేము తట్టుకోలేము."

గోపాలసామి మళ్ళీ ద్వారబంధం పట్టుకున్నాడు. జీవితంలో దాచుకున్న మాటలన్నీ ఒకేసారి తీసి ఖర్చుపెట్టినా చెల్లలేదు. వినేవాళ్ళు నమ్మకపోతే పోనీ, ఇక మిగిలింది గడప. దాన్నయినా కాచుకుందామనుకున్నాడు.

రెండున్నరకు, కబురు విని, సేత్తూరు నుంచి చెల్లమ్మ చెల్లెలు ముత్తులక్ష్మి వచ్చింది. తల్లి పోయినప్పుడు ఇత్తడి అండా ఒకటి కనిపించకుండా పోయింది. తీసింది నువ్వంటే నువ్వని అక్కచెల్లెళ్ళు ఆరేళ్ళుగా ఒకరి గడప ఒకరు తొక్కలేదు. బస్టాండు నుంచి ఆమెను ఎక్కించుకొచ్చింది కన్నుసామి. దారిలో అతను ఏమి చెప్పాడో గానీ, సందు మలుపులో దిగుతూనే ఆమె గుండెలు బాదుకుని రాగం ఎత్తుకుంది.

"ఓ అక్కా! నా తోడబుట్టిన అక్కా! అండా నా ఇంట్లోనే ఉండాదే! అటక మీద దాచిపెట్టింది నేనేనే! ఒక్క మాట చెప్పేలోపల కన్ను మూస్తివే!"

ఆ ఊళ్ళో సందు మలుపు దగ్గర రాగం ఎత్తుకున్నారంటే ఇక అడగడానికేమీ లేదు. అరుగు మీది ఆడవాళ్ళు అందుకున్నారు. నాలుగో ఇంటి దగ్గర కుర్చీలు అద్దెకిచ్చే ఆయన ఉన్నాడు. ఏడుపు వినగానే, ఎవరూ చెప్పకుండానే, నలభై ప్లాస్టిక్ కుర్చీలు బండిలో తెచ్చి వాకిట్లో దించాడు. వెనకాలే ఎవరో పెద్ద సంపంగి దండ తెచ్చారు. వాడిపోకుండా దానికీ ఒక కవరు తొడిగి ఉంది.

"పెద్దాయనా, నాలుగు కుర్చీలు లోపల వేస్తాను, జరగండి," అన్నాడు కుర్చీల ఆయన.

పోటీ నియమంలో కవరు అనే ఉంది. కుర్చీ గురించి ఏమీ లేదు. కానీ ఆఖరి రోజున అనుమానానికి చోటివ్వడం గోపాలసామికి ఇష్టం లేదు.

"కూడదు," అన్నాడు.

"పావం, ఆ తలుపు వదలనంటాడు," అని కరుప్పసామి కుర్చీల ఆయన్ని పక్కకు తీసుకెళ్ళాడు.

మూడు గంటల బస్సు ఆ రోజు ఆలస్యం కాలేదు. చెల్లమ్మ నడుము మీద వంకాయల సంచి పెట్టుకుని సందు తిరిగింది. తన ఇంటి ముందు కుర్చీలు చూసింది. దండ చూసింది. అన్నిటి కంటే ముఖ్యంగా ముత్తులక్ష్మిని చూసింది. ఆరేళ్ళుగా రాని చెల్లెలు వచ్చి తన వాకిట్లో పడి ఏడుస్తున్నదంటే దానికి ఒకే కారణం ఉంటుంది. పొద్దున బయల్దేరినప్పుడు ఇంట్లో మిగిలిన మనిషి ఒక్కడే. సంచి జారిపోయి వంకాయలు మోరీ కాలవ దాకా దొర్లాయి.

"ఐయో నా రాజా! యాభై ఏళ్ళు కాపురం చేస్తినే! కూర బాగుండాదనైనా ఒక్కనాడు చెప్తివా! ఉప్పు చాలలేదనైనా తిడితివా! నోరు తెరవకుండానే నన్ను విడిచిపెడితివే!"

ఏడుస్తూ వచ్చి చెల్లెలి మీద పడింది. ముత్తులక్ష్మి కళ్ళు మూసుకునే ఆమెను కావలించుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. చుట్టూ ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మారియమ్మాళ్ చేతికందిన కుర్చీలో కూలబడింది. కరుప్పసామి గోడ పట్టుకున్నాడు. ఎవరి ఏడుపూ వినిపించకపోయేసరికి ముత్తులక్ష్మి కళ్ళు తెరిచింది. తాను పట్టుకున్న ముఖాన్ని కాసేపు పరీక్షగా చూసింది.

"అక్కా... నువ్వు ఎవురికి ఏడస్తా ఉండావు?"

"మీ బావకు!"

"బావ అద్దో, గడపలో నిలబడుండాడు. మేము నీకు ఏడస్తా ఉండాము."

చెల్లమ్మ తల తిప్పింది. గోపాలసామి రెండు చేతులూ ద్వారబంధం మీద పెట్టి, ఇంతసేపూ నిలబడినట్టే నిలబడి ఉన్నాడు. ఆమె రాగం అంతా ఆయన విన్నాడు. యాభై ఏళ్ళుగా ఆమె అడగని మాట అది. కూర బాగుంటే రెండోసారి వడ్డించుకునేవాడు. అదే చెప్పినట్టు అనుకున్నాడు.

ఆమె మెట్లెక్కి వచ్చింది. ఇంతమందినీ ఆపిన చేతులను ఆయన ఆమె కోసం దించాడు. ఆమె ఆయన్ని లోపలికి నెట్టుకుంటూ పోయి, ఛాతీ మీద పిడికిలితో రెండు గుద్దులు గుద్ది, అక్కడే తల ఆనించి ఏడ్చింది. బయటివాళ్ళంతా ఆ ఇద్దరినీ చూస్తున్నారు. గోపాలసామి మాత్రం ఆ పిడికిలిని చూశాడు. అందులో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. తమ్ముడి భార్య ఆఖరి నిమిషంలో చేతిలో కుక్కిన పచ్చిమిరపకాయలు.

కాసేపటికి చెల్లమ్మ ముఖం కడుక్కుని బయటికి వచ్చి వాకిలంతా కలయజూసింది.

"ఇంతమందీ నాకోసరమా వచ్చినారు?" అంది. ఆ గొంతులో కోపం లేదు. "కూర్చోండి, కాఫీ పోస్తాను. ముత్తూ, అండా దాచింది నువ్వేనని చెప్తివంటనే?"

"అది ఏడుపులో చెప్పింది అక్కా. లెక్కకు రాదు."

నాలుగున్నరకు దర్శిని వచ్చింది. కుర్చీలు చూసింది. అరుగు మీద వరసగా కూర్చున్న కవర్లు చూసింది. వేలుతో లెక్కపెట్టింది. ముప్పై ఏడు. ఆమె పెదవి వణికింది.

"ఏడవద్దు పాపా!" కరుప్పసామి ముందుకు వచ్చాడు. సంచుల సంగతి అప్పటికి అందరికీ తెలిసిపోయింది. "ఒక్కటంటే ఒక్కటి లోపలికి పోలేదు. మీ తాత పోలీసు మాదిరి నిలబడినాడు. నన్నే రానీలేదు!"

పిల్ల ముఖం వెలిగింది. సంచి దించకుండానే పుస్తకం తీసి, పెన్ను మూత నోటితో లాగి, తాత ముందు నిలబడింది.

"ఏం తాతా, ఈ పొద్దు?"

మిరపకాయలు చాటలోకి పోయాయి. కవరును చెల్లమ్మ అలవాటు చొప్పున మడిచి నడుముకు దోపుకుంది. తాను ఏం చేసిందో ఆమెకే తెలియదు. చూసినవాడు ఒక్కడే. రోజంతా నిజం చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. ఇప్పుడు ఒక్క అబద్ధం చెబితే వాకిలి వాకిలంతా నమ్ముతుంది. అదీ ఆయనకు బాగా అలవాటైన మాటే. "లేదు" అంటే చాలు.

"ఒకటి వచ్చినాది," అన్నాడు గోపాలసామి. "మీ అవ్వ చేతిలో."

చెల్లమ్మ నడుము తడుముకుని నాలుక కరుచుకుంది. వాకిలంతా ఒక్కసారిగా లేచింది.

"అదెట్లా లెక్కవుతాది? మొగుడు పోయినాడని ఏడస్తా వచ్చిన మనిషి అది!"

"చూసుకునా తెచ్చింది? రాయొద్దు పాపా, విడిచిపెట్టు."

"పెద్దాయనా, నీకు మాటలు వచ్చేది ఇప్పుడేనా?" అన్నాడు కుర్చీల ఆయన.

గోపాలసామి ఎవరినీ చూడలేదు. పెన్ను వైపే చూస్తున్నాడు. ఈసారి ఎన్ని రోజులో అనుకున్నాడు. దర్శిని అవ్వ నడుముకున్న కవరును చూసింది. తర్వాత అరుగు మీద, కవర్ల మధ్య చోటు చేసుకుని కూర్చుని, ముప్పై అని ఉన్న చోట ఇరవై తొమ్మిది అని రాసింది. పక్కన కారణం రాయవలసిన చోట కారణం కూడా రాసింది. రాసింది రాసినట్టు ఆయనకు చదివి వినిపించింది.

"'చనిపోయిన మా అవ్వ ఇంటికి తిరిగి వచ్చినందున.' సరిగ్గా ఉండాదా తాతా?"

"సరి."

"సంచులు కుట్టినావా?"

"లేదు. గుడ్డ ఆరినాది."

"పోయి తీసుకొని రా. నీకు కన్ను కనపడదు, సూదిలో దారం నేను ఎక్కిస్తాను."

గోపాలసామి పెరట్లోకి వెళ్ళి పసుపు గుడ్డలు తెచ్చాడు. ఇద్దరూ కుట్టడం మొదలుపెట్టారు. కాఫీ తాగుతున్నవాళ్ళు ఒక్కొక్కరే వంగి చూసి, తమకూ ఒకటి కావాలన్నారు. ఆ రాత్రి భోజనం దగ్గర ఆయన వంకాయ కూర రెండోసారి వడ్డించుకుని, ఒక్క క్షణం ఆగి, "బాగుండాది," అన్నాడు. చెల్లమ్మ ఉలిక్కిపడి, ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని ఆయన నుదురు ముట్టుకుని చూసింది.

పోటీలో బహుమతి రాలేదు. బడివాళ్ళు ఒప్పుకునే కారణాల పట్టికలో పెళ్ళి, పండగ, జ్వరం, ఈ మూడింటికే గడులు ఉన్నాయట.